కేస్ షీట్ నుంచి కొత్త మందు దాకా

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం, అచ్చు పాఠం)

భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు వినగానే ఆయన మందులు గుర్తొస్తాయి. బోదకాలు నివారణకు ఊరూరా పంచే డీఈసీ మాత్ర, పిల్లల రక్త క్యాన్సర్‌ను తొలిసారి వెనక్కి నెట్టిన ఎమినోప్టెరిన్, దానికి దగ్గరి రూపమైన మెథోట్రెక్సేట్, ప్రయోగశాలలో తయారైన ఫోలిక్ యాసిడ్, ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ వెలికితీసిన ఆరియోమైసిన్. ఇవన్నీ 1940 తర్వాత, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలల్లో జరిగిన పనులు. అయితే అంతకు పదిహేనేళ్ల ముందే ఆయన మరో పని చేశారు. దాన్ని ఏ మందుల షాపులోనూ అమ్మరు. అది ఒక కొలత.

1922 అక్టోబరులో బోస్టన్ చేరిన సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉందో తేల్చే పద్ధతి మీద కూర్చున్నారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతి ఇప్పటికీ ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగానే పాఠ్యపుస్తకాల్లో ఉంది. నమూనాలో మాలిబ్డేట్ కలిపి, దాన్ని క్షయకరణం చేసే మరో రసాయనం వేస్తే నీలం రంగు తేలుతుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. ఆ చిక్కదనాన్ని కలరీమీటర్‌లో, మోతాదు ముందే తెలిసిన ద్రావణంతో పోల్చి లెక్క కడతారు.

కండరం నుంచి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తుంటే ఒక తేడా కనిపించింది. రంగు రావలసిన వేగంతో రాలేదు. నిమిషాలు గడిచేకొద్దీ నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. నమూనా చెడిందనో రసాయనం పాతబడిందనో దాన్ని పారబోసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. వాళ్లు పారబోయలేదు. ఆమ్లంలో మెల్లగా విరిగిపోతూ భాస్వరాన్ని కొద్దికొద్దిగా వదులుతున్న పదార్థం ఏదో కండరంలో ఉందని పసిగట్టి, దాని వెంట పడ్డారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ లోకానికి తెలిసింది. మరో రెండేళ్లకు, 1929లో, కండరానికి శక్తినిచ్చే ఏటీపీ మీద వాళ్ల పని వెలువడింది.

బిగ్ డేటా, కృత్రిమ మేధ మందుల పరిశోధననూ వైద్యాన్నీ ఎటు తీసుకెళుతున్నాయన్నది ఈ ఉపన్యాసానికి విషయం. దాన్ని సుబ్బారావు జ్ఞాపకం ముందు నిలబెట్టి చూస్తే ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. యంత్రం ఎంత తెలివైనదైనా దానికి తెలిసేది మనం కొలిచి, రాసి, దాచినదే. మందులు తయారుచేసే ఊరు, మందులు ఎగుమతి చేసే రేవు, వందేళ్లు దాటిన పెద్దాసుపత్రి, రాబోతున్న డేటా కేంద్రాలు, అన్నీ ఒకేచోట ఉన్న విశాఖపట్నానికి ఇప్పుడు లోటు యంత్రం కాదు. నమ్మదగిన రోగి రికార్డు.

వెతుకులాట ఎలా మారింది

లెడర్లీలో డీఈసీ దొరికిన తీరు ఆ కాలపు పరిశోధనకు మంచి నమూనా. ఫైలేరియా జాతి పురుగులు సోకిన పత్తి ఎలుకల మీద రసాయనాలను ఒకటొకటిగా ప్రయోగించారు. రక్తంలో పురుగు పిల్లలు తగ్గాయా లేదా అని సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టారు. తగ్గించినదాన్ని పట్టుకుని, దాని అణువులో ఒక కొస మార్చి మళ్లీ మొదలుపెట్టారు. ప్రతి ప్రశ్నకూ ఒక ఎలుక, కొన్ని రోజుల నిరీక్షణ. 1947లో ఆ మందు హెట్రజాన్ పేరుతో వెలుగు చూసింది.

ఇప్పుడు ఆ వెతుకులాటలో మొదటి మెట్లు కంప్యూటర్‌లో ఎక్కుతున్నారు. 2020లో అమెరికాలోని ఎంఐటీలో జిమ్ కాలిన్స్, రెజీనా బార్జిలే బృందం చేసిన పనే చూడండి. ముందు 2,300కు పైగా రసాయనాలను ఈ.కోలై బ్యాక్టీరియా మీద ప్రయోగశాలలో పరీక్షించారు. ఏది పెరుగుదలను ఆపింది, ఏది ఆపలేదు అని రాసుకున్న ఆ పట్టికను ప్రోగ్రామ్‌కు నేర్పారు. తర్వాత సుమారు 6,000 అణువులున్న మరో జాబితా ఇచ్చి, వీటిలో ఏది పనిచేయవచ్చో చెప్పమన్నారు. అది ఎత్తి చూపినవాటిలో ఒకప్పుడు మధుమేహం కోసం పరిశీలించి వదిలేసిన పదార్థం ఒకటి ఉంది. దానికి హాలిసిన్ అని పేరు పెట్టి పరీక్షిస్తే, ఎన్నో యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియాను కూడా ఎలుకల్లో చంపింది. ఆ తర్వాత అదే ప్రోగ్రామ్ 10 కోట్లకు పైగా అణువులను కొద్ది రోజుల్లో జల్లెడ పట్టింది.

వార్తల్లో మోగింది ఆ 10 కోట్ల సంఖ్య. పని చేసింది మాత్రం మొదటి 2,300 కొలతలు. ఒకే ప్రయోగశాలలో, ఒకే పద్ధతిలో, పనిచేయనివాటిని కూడా పట్టికలో ఉంచి చేసిన కొలతలవి.

ఆల్ఫాఫోల్డ్ సంగతీ అంతే. ఎమినో ఆమ్లాల వరుస ఇస్తే ప్రోటీన్ ఏ ఆకారంలో ముడుచుకుంటుందో ఊహించే ఆ ప్రోగ్రామ్ 2022 నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీన్ల నమూనాలను ఉచితంగా అందుబాటులో పెట్టింది. దాన్ని తయారుచేసిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు, కొత్త ప్రోటీన్ల రూపకల్పన చేసిన డేవిడ్ బేకర్‌కు కలిపి 2024లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ ప్రోగ్రామ్ నేర్చుకున్నది ప్రోటీన్ డేటా బ్యాంక్ అనే భండారం నుంచి. విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగిన 1971లోనే ఆ బ్యాంక్ ఏడు ప్రోటీన్ల ఆకారాలతో మొదలైంది. ప్రపంచమంతటా శాస్త్రవేత్తలు స్ఫటికాలు పెంచి, ఎక్స్‌రే కిరణాలు పంపి, తేల్చుకున్న ఆకారాన్ని ఎవరైనా వాడుకోవచ్చని అందులో జమ చేస్తూ వచ్చారు. 50 ఏళ్లకు అవి లక్షన్నర దాటాయి. ఆ ఓపిక లేకపోతే ఈ నోబెల్ లేదు.

మూడో ఉదాహరణ తెలుగునేలకు దగ్గరిది. 2020 ఫిబ్రవరిలో, కోవిడ్ ఇంకా చైనాకు అవతల పూర్తిగా వ్యాపించకముందే, లండన్‌లోని బెనెవొలెంట్ ఏఐ సంస్థ వైద్య పత్రికల సమాచారాన్నంతా గాలించే తన వ్యవస్థతో ఒక పాత మందును ఎంచి ‘లాన్సెట్’లో ప్రకటించింది. అది కీళ్లవాతానికి వాడే బారిసిటినిబ్. 2021 మేలో, రెండో వేవ్ ఉధృతిలో, హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు ఆ మాత్రల అత్యవసర వినియోగానికి మన దేశంలో అనుమతి వచ్చింది. ఊహ పుట్టడానికి రోజులు చాలాయి. ఆ ఊహ నిజమని తేల్చడానికి ఎన్నో దేశాల్లో వేల మంది రోగులు ప్రయోగాలకు ఒప్పుకోవలసి వచ్చింది. బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ పరీక్ష ఒక్కదానిలోనే 8,156 మంది పాల్గొన్నారు. సాధారణ చికిత్స పొందినవారిలో 14 శాతం మంది, ఈ మందు కూడా పడినవారిలో 12 శాతం మంది మరణించారని ఆ పరీక్ష చెప్పింది. చూడటానికి చిన్న తేడా. అంతమందిని కొలవకపోతే కనిపించని తేడా.

మధ్యలో ఆగిపోయినవి

మందుల పరిశోధన చరిత్రలో గెలిచినవాటికంటే ఆగిపోయినవే ఎక్కువ. తెలుగువాళ్లకు ఈ పాఠం దగ్గరగా తెలుసు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డి, ఎవరో కనిపెట్టిన మందును చవకగా చేయడంతో తృప్తిపడక, మన దేశంలో కొత్త అణువు పుట్టాలని పట్టుబట్టారు. మధుమేహానికి తమ ప్రయోగశాలలో రూపుదిద్దిన అణువులను 1990ల చివర్లో డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్‌కు లైసెన్సుకు ఇచ్చారు. ఒక భారతీయ సంస్థ అలా చేయడం అప్పట్లో పెద్ద విశేషం. వాటిలో రాగాగ్లిటజార్ మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లింది. ఈలోగా జంతువుల్లో మూత్రాశయ కణితులు కనిపించడంతో 2002లో దాన్ని ఆపేశారు.

ఆపడం సరైన నిర్ణయమే. అయితే అంత దూరం వెళ్లకముందే, అణువు కాగితం మీద ఉండగానే, ఇది ఫలానా అవయవానికి చేటు చేయవచ్చని ఎవరైనా హెచ్చరించగలిగితే? విషప్రభావాన్ని ముందే పసిగట్టే ప్రోగ్రామ్‌ల మీద ఇప్పుడు ప్రపంచమంతా పనిచేస్తున్నది అందుకే. వాటికి మేత ఓడిపోయిన అణువుల చరిత్రే. ఎక్కడ, ఏ మోతాదులో, ఏ జంతువులో, ఏ అవయవం దెబ్బతిందో రాసి ఉన్న పుటలు. ఆ పుటల్లో ఎక్కువ భాగం కంపెనీల బీరువాల్లో తాళాల వెనుక ఉన్నాయి. గెలిచిన ప్రయోగాలు పత్రికలకెక్కుతాయి, ఓడినవి అటకెక్కుతాయి. గెలుపులు మాత్రమే చదివిన యంత్రం ప్రతిదీ గెలుస్తుందనే అనుకుంటుంది.

ఏఐ చేతుల్లో మొదటి నుంచీ రూపుదిద్దుకున్న మందులు ఇప్పుడిప్పుడే రోగుల దాకా వస్తున్నాయి. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఐపీఎఫ్ జబ్బుకు ఇన్‌సిలికో మెడిసిన్ సంస్థ తయారుచేసిన రెంటోసెర్టిబ్ ఫలితాలు 2025లో ‘నేచర్ మెడిసిన్’లో వచ్చాయి. లక్ష్యంగా పెట్టుకున్న ప్రోటీన్‌ను ఎంచిందీ, దానికి తగిన అణువును గీసిందీ కంప్యూటరే. చైనాలో 71 మంది మీద 12 వారాలు జరిగిన ఆ పరీక్షలో ఎక్కువ మోతాదు తీసుకున్నవారి ఊపిరి సామర్థ్యం కొంత మెరుగుపడింది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిది తగ్గింది. ఆశ కలిగించే ఫలితమే. కానీ 71 మంది 71 మందే. 1948లో సిడ్నీ ఫార్బర్ ఎమినోప్టెరిన్ ఇచ్చిన పిల్లలు 16 మంది, వాళ్లలో 10 మందికి గుణం కనిపించింది, అదీ తాత్కాలికంగా. ఆ పది మంది నుంచి ఈనాడు పిల్లల లుకేమియాను నయం చేసే చికిత్సల దాకా రావడానికి దశాబ్దాలపాటు ఒక్కొక్క బిడ్డకు ఏ మోతాదు ఇచ్చారో, ఏమైందో రాసిపెట్టవలసి వచ్చింది. ఆ మధ్యకాలాన్ని దాటించే దగ్గరిదారి ఏ యంత్రానికీ తెలియదు.

ఉక్కుకు, డబ్బాకు, బ్యాచ్‌కు ఉన్న గుర్తింపు

రికార్డు ఉంచడం విశాఖకు కొత్త విద్య కాదు. ఉక్కు కర్మాగారంలో కన్వర్టర్ నుంచి దిగే ప్రతి కరుగుకూ ఒక హీట్ నంబరు ఉంటుంది. దాన్నుంచి నమూనా తీసి కార్బన్, మాంగనీస్, గంధకం ఎంతెంత ఉన్నాయో చూస్తారు. ఆ ఉక్కు కడ్డీగా మారి ఎక్కడికో వెళ్లినా టెస్ట్ సర్టిఫికెట్ పట్టుకుని దాని పుట్టుక దాకా వెనక్కి నడవొచ్చు.

కంటైనర్ టెర్మినల్‌లో దిగే ప్రతి డబ్బా మీదా నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, పక్కన ఒక గడిలో మరో అంకె ఉంటాయి. ఆ చివరి అంకె ఊరికే పెట్టింది కాదు. ముందున్న అక్షరాలను, అంకెలను నిర్ణీత సూత్రం ప్రకారం హెచ్చవేసి, కూడి, 11తో భాగిస్తే వచ్చే శేషం నుంచి పుట్టింది. గుమాస్తా చీకట్లో 3ను 8గా చదివి కొడితే లెక్క కుదరదు, కంప్యూటర్ అక్కడికక్కడే నిలదీస్తుంది.

పరవాడ ఫార్మా సిటీలోనూ, భీమిలి దగ్గర చిప్పాడలోనూ, అచ్యుతాపురం, నక్కపల్లి వైపూ ఉన్న మందుల యూనిట్లలో బ్యాచ్ రికార్డు ఒక గ్రంథం. ఏ డ్రమ్ములోని ముడిసరుకు ఎన్ని కిలోలు రియాక్టర్‌లోకి వెళ్లింది, ఏ గంటకు ఏ ఉష్ణోగ్రత ఉంది, ఎప్పుడు చల్లార్చారు, అన్నీ అందులోకెక్కాలి. ప్రతి వరుసకూ రెండు సంతకాలు, పని చేసినవారిది ఒకటి, సరిచూసినవారిది ఒకటి. అంకె తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు. ఒకే ఒక్క గీతతో కొట్టేసి, కింది అంకె కనిపించేలా ఉంచి, పక్కన సరైనది రాసి సంతకం, తేదీ వేయాలి. తప్పు కూడా చరిత్రలో భాగమేనన్న నియమం అది. విదేశీ తనిఖీ అధికారులు వచ్చినప్పుడు మొదట అడిగేది ఈ పుస్తకాలనే.

ఇంత కచ్చితంగా తయారైన మాత్ర చివరికి ఒక మనిషి నోట్లోకి వెళుతుంది. ఆ మాత్ర ఏ బ్యాచ్‌దో ఎప్పటికైనా చెప్పగలరు. అది మింగిన మనిషికి ఏమైందో చెప్పే పుస్తకం మాత్రం చాలాసార్లు ఉండదు.

ఏ ప్రభుత్వాసుపత్రి ఓపీలోనైనా పొద్దున్న పది గంటలకు నిలబడితే ఈ సంగతి బోధపడుతుంది. పాలిథిన్ కవర్‌లో మడతలు పడ్డ చీటీలు, ఒకచోట తీయించిన ఎక్స్‌రే, మరోచోటి రక్తపరీక్ష కాగితం. వయసు అడిగితే “అరవై రాయండి బాబూ” అంటారు. అలా రాసిన వయసులు యాభై, యాభై అయిదు, అరవై దగ్గర గుట్టలు పడతాయి. పేర్ల చిక్కు మరొకటి. ఉత్తరాంధ్రలో సింహాచలం అనే పేరు మగవాళ్లకూ ఉంటుంది, ఆడవాళ్లకూ ఉంటుంది. అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, పైడితల్లి లేని ఊరుండదు. ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, మరోదాంట్లో వెనుక, ఇంకోదాంట్లో పొడి అక్షరం. కంప్యూటర్‌కు ఈ ముగ్గురూ ఒక్కరో, ఒక్కరే ముగ్గురో తెలియదు. 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు ఈ చిక్కును విడదీయడానికే వచ్చింది. నంబరు ఇవ్వడం తేలిక. ఆ నంబరు వెనుక డాక్టరు చూసిన జబ్బు, ఇచ్చిన మందు, తర్వాతి ఫలితం చేరినప్పుడే దానికి విలువ.

చేయవచ్చని చూపినవాళ్లు ఇక్కడే ఉన్నారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, హనుమంతవాక దగ్గరి విశాఖ ప్రాంగణంతో సహా, తన ఆసుపత్రుల్లో ‘ఐస్మార్ట్’ అనే సొంత ఎలక్ట్రానిక్ రికార్డు పద్ధతి నడుపుతోంది. లక్షల మంది కంటి రికార్డులు ఒకే తీరులో రాసి ఉండటం వల్లే ఏ జిల్లాలో, ఏ వృత్తిలో, ఏ వయసులో ఏ కంటి జబ్బు ఎక్కువో వాళ్లు పరిశోధన పత్రాలుగా ప్రచురించగలుగుతున్నారు.

ఉద్దానం అడుగుతున్న ప్రశ్న

విశాఖ నుంచి ఈశాన్యంగా వెళితే శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాలు. కొబ్బరి, జీడి తోటలతో పచ్చగా ఉండే ఉద్దానం. అక్కడివాళ్లకు మధుమేహం, బీపీ లాంటి మామూలు కారణాలు లేకుండానే కిడ్నీలు పాడవుతున్నాయని విశాఖ వైద్యులు రెండు దశాబ్దాల కిందటే గుర్తించారు. విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో నెఫ్రాలజీ ఆచార్యులుగా పనిచేసిన డాక్టర్ టి. రవిరాజు ఆ రోగుల వెంట ఊళ్లకు వెళ్లి పరిశోధన చేశారు. తర్వాత జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ లాంటి సంస్థలూ వచ్చాయి. నీళ్లా, ఎండలో పనా, పురుగుమందులా, వంశపారంపర్యమా, వీటిలో కొన్ని కలిసి చేస్తున్న చేటా అన్నది తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వంశధార నీరు పైపుల్లో ఊళ్లకు చేరింది.

ఆ ఊళ్లలో రక్తపరీక్ష జరిగితే చూసేది క్రియాటినిన్. అది ఫాస్ఫోక్రియాటిన్, క్రియాటిన్ కండరంలో విరిగినప్పుడు మిగిలేది. సుబ్బారావు, ఫిస్క్ కండరంలో పట్టుకున్న పదార్థమే కాలువ దిగి ఉద్దానం రోగి రక్తంలో అంకెగా కనిపిస్తోంది. ఆ అంకె నుంచి కిడ్నీ పనితీరును లెక్కకట్టే సూత్రాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల శరీరాల మీద తయారైనవి. కండ తక్కువగా ఉన్న కూలి మనిషికి క్రియాటినిన్ పుట్టుకే తక్కువ. అందువల్ల కిడ్నీ అప్పటికే దెబ్బతిన్నా సూత్రం బాగుందని చెప్పే ప్రమాదం ఉంది. ఈ సూత్రాన్నే పునాదిగా పెట్టుకున్న ఏ ఏఐ ప్రోగ్రామ్ అయినా అదే పొరపాటును మరింత వేగంగా, మరింత ధీమాగా చేస్తుంది.

బిగ్ డేటా నిజంగా అక్కరకొచ్చే చోటు ఉద్దానం. పైపు నీరు రాకముందు ఏ ఇల్లు ఏ బోరు నీళ్లు ఎన్నేళ్లు తాగింది, ఎవరు ఎండలో ఎంతసేపు పనిచేశారు, ఎవరు వలస వెళ్లి తిరిగొచ్చారు, ఏడాదికేడాది వాళ్ల క్రియాటినిన్ ఎలా నడిచింది. వీటిని కలిపి చూడటం ఒక డాక్టరు బుర్రకు సాధ్యం కాదు, యంత్రానికి సాధ్యం. అందులో సగం సమాచారం పాత రోగుల జ్ఞాపకాల్లో మాత్రమే ఉంది. వాళ్లు డయాలసిస్ మంచాల మీద ఉన్నారు. ఇప్పుడు రాసుకోకపోతే మరెప్పటికీ దొరకదు.

ఎవరి శరీరం, ఎవరి లెక్క

ఆపరేషన్ ముందు కండరాలను వదులు చేయడానికి మత్తు డాక్టర్లు సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. రక్తంలోని బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని కొద్ది నిమిషాల్లో విరగ్గొడుతుంది. ఆ ఎంజైమ్ లోపించినవారికి గంటల తరబడి ఊపిరి కండరాలు కదలవు, వెంటిలేటర్ మీద ఉంచాలి. వైశ్య కులంలో ఈ లోపం మిగతా జనంకంటే ఎన్నో రెట్లు ఎక్కువని దక్షిణాది మత్తు డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. తరతరాలుగా తమలో తామే సంబంధాలు చేసుకోవడం వల్ల ఒక జన్యుమార్పు నిలిచిపోయింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్ సహరచయితగా 2017లో ‘నేచర్ జెనెటిక్స్’లో వచ్చిన పత్రం ఇలాంటి సమూహాలు దక్షిణాసియాలో ఎన్ని ఉన్నాయో చూపించి, ఈ ఉదాహరణను ప్రస్తావించింది. ఐరోపా జన్యువుల మీద మాత్రమే నేర్చుకున్న ప్రోగ్రామ్‌కు ఈ రోగి మామూలు మనిషిగానే కనిపిస్తాడు. 10,000 మంది భారతీయుల జన్యుక్రమాలను చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి రావడం అందుకే ఆనందించదగ్గ విషయం.

ఇదే ఎంజైమ్ చుట్టూ విశాఖలో ఒక చక్కని పని జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ఆచార్యులు అల్లం అప్పారావు, నగరంలోని మధుమేహ వైద్యులు డాక్టర్ జి.ఆర్. శ్రీధర్, డాక్టర్ యు.ఎన్. దాస్ కలిసి 2007లో ‘మెడికల్ హైపోథిసిస్’ పత్రికలో ఒక ప్రతిపాదన ప్రచురించారు. ఈ ఎంజైమ్, దాని సోదర ఎంజైమ్ పెరగడాన్ని బట్టి టైప్ 2 మధుమేహాన్నీ, అల్జీమర్స్‌నూ ముందే ఊహించవచ్చేమో అన్నది వాళ్ల ఆలోచన. అది ప్రతిపాదనే, నిర్ధారణ కాదు. అయినా కంప్యూటర్ పండితుడూ, రోజూ రోగులను చూసే డాక్టరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం అప్పుడే ఈ ఊళ్లో జరిగిందని గుర్తుంచుకోవాలి.

సమాచారం ఎంత పెద్దదైనా అందులో ఎవరు లేరో చూసుకోకపోతే అన్యాయం జరుగుతుంది. 2019లో ‘సైన్స్’ పత్రికలో జియాద్ ఒబర్మేయర్ బృందం అమెరికా ఆసుపత్రులు వాడుతున్న ఒక ప్రోగ్రామ్‌ను విప్పి చూపింది. ఎవరి జబ్బు ఎక్కువో తేల్చడానికి అది వైద్యానికైన ఖర్చును కొలబద్దగా పెట్టుకుంది. నల్లజాతివారి మీద ఖర్చు తక్కువ జరుగుతుంది కాబట్టి వాళ్ల జబ్బూ తక్కువేనని లెక్కించింది. ఇలాంటి ప్రమాదం మనకూ ఉంది. పేదలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీ పథకం మొదటి విడతలో, 2007లోనే, శ్రీకాకుళం జిల్లా ఉంది. అప్పటినుంచీ పోగైన క్లెయిముల సమాచారం అమూల్యమైనది. అయితే అది ఆసుపత్రి దాకా రాగలిగినవారి సమాచారం. పాడేరు కొండల మీంచి డోలీలో కిందికి రాలేకపోయిన గర్భిణి అందులో ఉండదు. ఆమె ఆరోగ్యంగా ఉందని యంత్రం అనుకోకూడదు.

ప్రయోగశాలలో నెగ్గిన ప్రోగ్రామ్ ఊళ్లో నెగ్గుతుందన్న హామీ కూడా లేదు. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతినడాన్ని ఫొటో చూసి పట్టే గూగుల్ ప్రోగ్రామ్ 2016లో గొప్ప ఫలితాలు చూపింది. దాని శిక్షణలో మన దేశపు కంటి ఆసుపత్రుల చిత్రాలూ ఉన్నాయి. థాయ్‌లాండ్ క్లినిక్‌లలో వాడి చూసినప్పుడు నర్సులు తీసిన 1,838 చిత్రాల్లో 21 శాతం పనికిరావని తిప్పికొట్టింది. గదుల్లో సరైన చీకటి లేదు, నెట్ నెమ్మది. ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూసి క్షయను పట్టే ప్రోగ్రామ్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. వాటిని రేవు కూలీల, క్వారీ పనివాళ్ల దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల మీద వాడేముందు ఇక్కడి ఎక్స్‌రేలతోనే సరిచూసుకోవాలి.

ఇప్పుడు చేయవలసిన పని

2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఏఐ కేంద్రం నెలకొల్పుతామని, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. సముద్రగర్భ కేబుళ్లు ఇక్కడ ఒడ్డుకు చేరతాయి. ఉక్కు కర్మాగారం పక్కన మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారవుతున్నాయి. అగనంపూడిలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. లెక్కించే శక్తికి ఇకమీదట ఈ ఊళ్లో కరువుండదు. ఆ శక్తి ఎవరి జబ్బుల మీద పనిచేయాలో నిర్ణయించుకోవలసింది ఈ ఊరు.

అందుకు కొన్ని పనులు స్పష్టంగా ఉన్నాయి. మొదటిది, ఉత్తరాంధ్ర జిల్లాలన్నిటికీ కలిపి కొద్ది జబ్బులకు, అంటే కిడ్నీ, క్యాన్సర్, గిరిజన ప్రాంతాల సికిల్ సెల్, ఊపిరితిత్తుల దుమ్ము జబ్బులకు, ఒకే తీరు రిజిస్ట్రీలు కావాలి. సికిల్ సెల్ నిర్మూలనకు 2023లో మొదలైన జాతీయ మిషన్ పరీక్షలు ఎలాగూ చేయిస్తోంది. పరీక్ష తర్వాత ఆ బిడ్డకు ఆ జబ్బుకిచ్చే మందు హైడ్రాక్సీయూరియా అందిందా, ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరిందీ రాయాలి.

రెండోది అనుమతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనిషి సమ్మతికి విలువ ఇచ్చింది. ఆ సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే తెలుగులో, ఏజెన్సీలో కువి, ఆదివాసీ ఒడియాల్లో చదివి వినిపించాలి. ఏఎన్ఎం అక్క “మీ రక్తపరీక్ష వివరాలు పరిశోధనకు ఇవ్వమంటారా? వద్దంటే మీ వైద్యం ఏమీ ఆగదు” అని అడగగలగాలి. వద్దంటే వద్దని రాసుకోవాలి.

మూడోది మందుల పరిశ్రమ చేయగలిగింది. వ్యాపార రహస్యం కాని విఫల ప్రయోగాల ఫలితాలను, కనీసం అయిదారేళ్లు గడిచాకైనా, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని ఫార్మసీ కళాశాల లాంటి చోట జమ చేయవచ్చు. 1951 నుంచి ఫార్మసీ చదువు చెబుతున్న ఆ విశ్వవిద్యాలయం నుంచి వెళ్లినవాళ్లే ఆ పరిశ్రమల క్వాలిటీ విభాగాల్లో కూర్చున్నారు. అడిగితే కాదనరు.

నాలుగోది అన్నిటికంటే చిన్నదిగా కనిపిస్తుంది, అన్నిటికంటే ముందు జరగాలి. రోగి రికార్డు రాయడాన్ని ఒక వృత్తిగా గౌరవించాలి. డాక్టరు గంటకు పదుల మందిని చూస్తూ కేస్ షీట్ నింపలేరు. నర్సు మీద ఇప్పటికే మోయలేనంత రాత పని ఉంది. బ్యాచ్ రికార్డును సరిచూసేవారికి పరిశ్రమ జీతమిస్తున్నట్టే, మెడికల్ రికార్డు టెక్నీషియన్‌కు ప్రతి ఏరియా ఆసుపత్రిలో శాశ్వత పోస్టు, శిక్షణ, పదోన్నతి ఉండాలి. అప్పలనరసమ్మ వయసు ఓటరు కార్డుతో సరిచూసి, పాత చీటీలను ఆమె నంబరు కిందికి చేర్చి, మూడు నెలలకు ఫోన్ చేసి “మందు పడిందా అమ్మా, కాళ్ల వాపు తగ్గిందా?” అని కనుక్కుని రాసే ఉద్యోగం అది. డేటా కేంద్రాల కోసం ఖర్చవుతున్నదానితో పోలిస్తే ఆ జీతాల మొత్తం చాలా స్వల్పం. రాష్ట్ర బడ్జెట్‌లో ఆ పద్దు కోసం ఈ ఊరి డాక్టర్లు, ఆచార్యులు, కార్మిక సంఘాలు, పరిశ్రమల వాళ్లు కలిసి అడిగితే, వచ్చే ఏడాది నుంచే ఉద్దానం, పాడేరు, గాజువాక ఆసుపత్రుల్లో ఆ పోస్టులు నింపడం మొదలుపెట్టవచ్చు.